పొన్నంకి పిట్ట

పాఠ్యభాగ పరిచయం

ప్రస్తుత పాఠ్యభాగం వ్యాస ప్రక్రియకు చెందినది. ఒక విషయాన్ని క్రమపద్ధతిలో వివరిస్తూ పాఠకుని ఆలోచింపజేసే వచన రచనను వ్యాసం అంటారు. ఏటా రెండుసార్లు హైదరాబాదు నగరం మీదుగా ప్రయాణించే ఒక వలస పక్షిని గుర్తించే విధానాన్ని, దాని అలవాట్లను, దాని పేరుతో తెలుగు భాషకు గల అనుబంధాన్ని ఈ వ్యాసం వివరిస్తుంది. పరిసరాలను నిశితంగా పరిశీలించే అలవాటును విద్యార్థులలో పెంపొందించడం దీని ఉద్దేశం.

పాఠ్యభాగం

అమీర్‌పేట పేరు వినని విద్యార్థి మన ప్రాంతంలో అరుదు. శిక్షణ సంస్థల ప్రకటన ఫలకాలు, వరుసగా నిలిచిన వసతి గృహాలు, పుస్తకాల దుకాణాలు, 2017లో ప్రారంభమైన మెట్రో రైలు కూడలి, వీటన్నింటి మధ్య నిలువ నీడ దొరకని జనసమ్మర్దం. అర్ధరాత్రి దాటినా దీపాలు ఆరని పేట అది. అటువంటి చోట పక్షి అనగానే ఏ పావురమో, కాకియో స్ఫురిస్తుంది తప్ప మరొకటి తోచదు.

మే నెలలో ఒకనాటి తెల్లవారుజామున అక్కడ ఇలా జరిగిందని ఊహించుకుందాం. రాత్రి ఈదురుగాలితో వాన కురిసి వెలిసింది. ఒక వసతి గృహం మెట్ల కింద, చెప్పుల అర పక్కన, పిడికెడంత పక్షి ఒకటి ఒదిగి కూర్చున్నది. వీపు ఆకుపచ్చ, రెక్క మీద మెరిసే నీలం, పొట్ట కింద కుంకుమ అద్దినట్లు ఎరుపు. మంచినీళ్లకని కిందికి వచ్చిన విద్యార్థి దానిని చూసి ఆగిపోయాడు.

"తాతా, ఇది చిలుకా?" అని కావలి తాతను అడిగాడు.

"చిలుక యాడిది బిడ్డా! చిలుకకు ముక్కు వంకర ఉండాలె గదా."

"మరి లకుముకి పిట్టా?"

"దాని ముక్కు జానెడంత పొడుగు. ఇది అది గాదు."

"మరి ఇదేమిటి?"

తాత వద్ద జవాబు లేదు. ఆయన పేరు చెప్పలేకపోయినా పద్ధతి మాత్రం సరైనదే చూపించాడు. రంగును చూసి భ్రమపడకుండా ముక్కును చూశాడు. కానిదానిని కాదని తొలగించుకుంటూ వచ్చాడు. పక్షి పరిశీలనకు ఇదే తొలి పాఠం.

గుర్తించే విధానం

రంగురంగుల పక్షి కనిపించగానే మన దృష్టి రంగుల మీదనే నిలుస్తుంది. రంగు వెలుతురును బట్టి మారుతుంది. నీడలో నీలం నలుపుగా తోస్తుంది. కనుక అనుభవజ్ఞులైన పరిశీలకులు మొదట పరిమాణాన్ని, ఆ తరువాత ఆకారాన్ని, ముక్కును, తోకను, కూర్చునే తీరును, నడకను గమనిస్తారు. ఎక్కడ కనిపించింది, ఏ నెలలో కనిపించింది అన్న రెండు విషయాలను జోడిస్తారు. రంగును చివరి సాక్ష్యంగా తీసుకుంటారు.

ఈ క్రమంలోనే మన అతిథిని పరిశీలిద్దాం. పిచ్చుక కంటే పెద్దది, గోరువంక కంటే చిన్నది. కొలిస్తే పందొమ్మిది సెంటీమీటర్లకు మించదు. బరువు సుమారు యాభై, అరవై గ్రాములు. గుండ్రని దేహం, దృఢమైన ముక్కు, పొడవైన గులాబీరంగు కాళ్లు. తోక మరీ పొట్టిది. ఎవరో కత్తిరించినట్లు ఉంటుంది. నేల మీద నిటారుగా నిలబడుతుంది. తోకను నెమ్మదిగా పైకీ కిందికీ ఆడిస్తుంది. ఈ ఆకారం ఒక్కసారి మనస్సుకు పట్టిందంటే మసక వెలుతురులోనైనా పొరపడడానికి వీలు లేదు.

ఇక రంగులు. నడినెత్తిన నల్లని చార, దానికి ఇరువైపులా లేత గోధుమ వన్నె, కంటి మీదుగా మెడ వరకు కాటుక తీర్చినట్లు వెడల్పైన నల్లపట్టీ, దానిపైన సన్నని తెల్లగీత, తెల్లని కంఠం, ఆకుపచ్చని వీపు, భుజం మీద, నడుము వెనుక మెరిసే నీలం, గంధపు వన్నె పొట్ట, తోక కింద ఎరుపు. ఎగిరినప్పుడు నల్లని రెక్కలో తెల్లమచ్చ తళుక్కుమంటుంది. అందుకే హిందీలో దీనిని నవరంగ్ అంటారు. మనవారిలోనూ కొందరు నవరంగ పిట్ట అంటారు. లెక్కించబోతే కచ్చితంగా తొమ్మిది తేలకపోవచ్చు. కానీ ఇన్ని వన్నెలను పిడికెడు దేహంలో చూసినవారు ఆ పేరును కాదనలేరు. ఆడపక్షికీ మగపక్షికీ రూపంలో భేదం కనిపించదు.

మన నగరంలో దీనితో పోల్చి చూడదగిన పక్షులు కొన్ని ఉన్నాయి. పికిలి పిట్టకు కూడా తోక కింద ఎరుపు ఉంటుంది. కానీ దాని దేహం ముదురు గోధుమ రంగు, తోక పొడవు, తలపై చిన్న జుట్టు. వంగపండు పిట్ట పసుపు వన్నెతో మెరిసిపోతుంది. అది చెట్ల కొమ్మలలోనే తిరుగుతుంది, నేల మీదికి దిగడం అరుదు. తెలంగాణ రాష్ట్ర పక్షియైన పాలపిట్ట నీలి రెక్కలతో అలరిస్తుంది. అది ఆరుబయట తీగల మీద, ఎత్తైన మోడుల మీద కూర్చుంటుంది. లకుముకి పిట్ట సంగతి తాత చెప్పనే చెప్పాడు. నేల మీద, నీడలో, పొట్టితోకతో గెంతుతూ కనిపించే రంగుల పక్షి మాత్రం మనకు ఇదొక్కటే. దీని పేరు పొన్నంకి పిట్ట.

అలవాట్లు

ఇంత అందమైన పక్షి అందరికీ ఎందుకు కనిపించదు? దాని అలవాట్లలోనే సమాధానం ఉన్నది. అది గుబురు పొదల కింద, రాలిన ఆకులు పరచుకున్న తడినేల మీద తిరుగుతుంది. ముక్కుతో ఆకులను ఒక్కొక్కటిగా తిరగవేసి వాటి కింద దాగిన పురుగులను, వానపాములను, జెర్రులను తింటుంది. నడవదు; గెంతుతుంది. అలికిడి అయితే కొమ్మ మీదికి ఎగిరి కదలక కూర్చుంటుంది. రాత్రివేళ చెట్టు మీద విశ్రమిస్తుంది. ఆకుపచ్చని వీపు ఆకులలో కలిసిపోతుంది. మెరిసే రంగులు చాలావరకు రెక్కల మడతలోనూ, పొట్ట కిందనూ ఉండిపోతాయి.

కనిపించనిది వినిపిస్తుంది. సూర్యోదయ వేళ, మునిమాపు వేళ ఇది రెండు స్వరాల ఈల వేస్తుంది. మొదటి స్వరం పైకి లేస్తుంది. రెండవది కిందికి జారుతుంది. ఈల వేసేటప్పుడు తల వెనుకకు వాల్చి ముక్కును ఆకాశం వైపు ఎత్తుతుంది. ఒక పక్షి కూస్తే చుట్టుపక్కలవి బదులు పలుకుతాయి. ఈ వేళ తప్పని పలుకును బట్టి తమిళులు దీనికి ఆరుమణి కురువి, అనగా ఆరు గంటల పిట్ట, అని పేరు పెట్టారు.

పక్షిశాస్త్రం దీనిని పిచ్చుక, గోరువంక మొదలైనవి చేరిన పెద్ద గణంలోనే ఉంచింది. ఆ గణంలో పాటను పెద్దల నుండి విని నేర్చుకునే గాయక పక్షులది ఒక శాఖ. పిట్టలది వేరొక శాఖ. పిట్టల ఈల పుట్టుకతో వచ్చినదే తప్ప శిక్షణతో అబ్బినది కాదని శాస్త్రజ్ఞులు భావిస్తున్నారు. శిక్షణకే నిలయమైన అమీర్‌పేటకు ఏ గురువు వద్దా చదువుకోని గాయకుడు విడిదికి రావడం ఒక చమత్కారం.

రాత్రి ప్రయాణం

పొన్నంకి పిట్ట మన దేశపు సరిహద్దులకు అటూ ఇటూగా తిరిగే వలస పక్షి. హిమాలయాల దిగువ కొండలు, మధ్య భారతపు అడవులు, పడమటి కనుమలలో కొంత భాగం దాని పుట్టినిళ్లు. నైరుతి ఋతుపవనాలు నేలను తడిపి పురుగులను బయటికి రప్పించే జూన్ నుండి ఆగస్టు వరకు అక్కడ గూడు కట్టి సంతానాన్ని పెంచుతుంది. గూడు బంతి ఆకారంలో ఉంటుంది. ఎండుటాకులతో, గడ్డితో, నేల మీదనో తక్కువ ఎత్తున్న కొమ్మల మీదనో కడుతుంది. నాలుగైదు తెల్లని గుడ్లు పెడుతుంది. వాటిపై ముదురు ఊదా చుక్కలు ఉంటాయి.

వానలు వెనుకబట్టగానే ప్రయాణం మొదలు. శీతకాలమంతా దక్షిణ భారతంలోనూ, శ్రీలంకలోనూ గడిపి, వేసవి ముదిరే వేళకు ఉత్తరాభిముఖంగా మరలుతుంది. హిమాలయ పాదాల నుండి శ్రీలంక వరకు గల దూరం రెండు వేల కిలోమీటర్లకు పైమాటే. హైదరాబాదు ఈ దారి మధ్యలో ఉన్న మజిలీ. అందుకే ఇక్కడి పరిశీలకులు మే నెలలోనూ, మరల అక్టోబరు, నవంబరు నెలల్లోనూ దీని కోసం ఎదురుచూస్తారు. మిగిలిన కాలంలో ఇది ఇక్కడ అరుదు.

పగలంతా పొదల కింద గెంతే ఈ పక్షి దూరప్రయాణం మాత్రం రాత్రిపూట చేస్తుంది. రాత్రి గాలి చల్లన. డేగల భయం తక్కువ. తెల్లవారగానే దిగి ఆహారం వెదుక్కోవచ్చు. కానీ ఎదురుగాలి వీచినా, వాన ముంచుకొచ్చినా ఈ గుండ్రని చిన్న దేహం త్వరగా అలసిపోతుంది. అప్పుడు కింద ఏది కనిపిస్తే దానినే ఆశ్రయిస్తుంది.

పేరు చెప్పే కథ

అలసిన ఈ పక్షి ఇళ్లలోకి రావడం నేటి ముచ్చట కాదు. పందొమ్మిదవ శతాబ్దంలో మద్రాసు రాజధానిలో వైద్యుడిగా పనిచేసిన థామస్ జెర్డన్ పక్షుల అధ్యయనంలో ప్రసిద్ధుడు. ఆయన ఈ జాతిలో మొట్టమొదట చూసిన పక్షి మద్రాసు జనరల్ ఆసుపత్రిలో తలదాచుకున్నది. తరువాత నెల్లూరులోనూ ఇదే విధంగా ఇళ్లలో చేరినవి ప్రాణాలతో ఆయనకు లభించాయి. బలమైన గాలులు వీటిని తూర్పు కనుమల నుండి కొట్టుకొని తెస్తున్నాయని ఆయన భావించాడు. ఆయన చూసినవి దారిన పోతున్న బాటసారులని నేడు మనం చెప్పగలం. 1862-64 సంవత్సరాలలో వెలువడిన తన భారతదేశపు పక్షుల గ్రంథంలో జెర్డన్ దీని తెలుగు పేరును పొన్నంకి అని నమోదు చేశాడు.

ఆ పేరు జెర్డన్ కంటే చాలా ముందే సముద్రం దాటింది. మద్రాసులోని సెయింట్ జార్జి కోటలో ఎడ్వర్డ్ బక్లీ అనే వైద్యుడు ఉండేవాడు. స్థానిక పక్షుల బొమ్మలను, వాటి దేశీయ నామాలను ఆయన లండనులోని జేమ్స్ పెటివర్‌కు పంపాడు. పెటివర్ వాటిని వర్ణించగా, 1713లో ప్రచురితమైన జాన్ రే పక్షిశాస్త్ర గ్రంథానికి అనుబంధంగా అవి అచ్చయ్యాయి. అందులో మన పక్షి పొన్నంకి పిట్ట అన్న తెలుగు పేరుతోనే ఉన్నది. 1766లో లిన్నేయస్ దీనికి శాస్త్రీయ నామం పెడుతూ పొరపాటున కాకుల ప్రజాతిలో చేర్చాడు. 1816లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు వియ్యో దీనికి, దీని బంధువులకు ఒక కొత్త ప్రజాతిని ఏర్పరచి దానికి పిట్ట అని పేరు పెట్టాడు. నేడు దీని శాస్త్రీయ నామం పిట్టా బ్రాకియురా. మొదటి మాట తెలుగు. రెండవ మాటకు గ్రీకులో పొట్టితోక అని అర్థం.

ఆఫ్రికా నుండి ఆస్ట్రేలియా వరకు వ్యాపించిన నలభైకి పైగా జాతుల కుటుంబానికి నేడు ప్రపంచమంతటా పిట్ట అన్నదే పేరు. మనకు చిన్న పక్షులన్నీ పిట్టలే. ప్రపంచానికి పిట్ట అంటే ఈ పక్షియే, దీని బంధువులే. ఏ రైతు, ఏ వేటగాడు, ఏ బోయీ ఆ మాటను దొరల చెవిన వేశాడో చరిత్రకు ఎక్కలేదు. అతడు పక్షిని ఎరిగినవాడు కనుకనే పేరు చెప్పగలిగాడు. ఆ ఎరుక పరంపరగా సాగింది. 1931-32లో సాలిం అలీ హైదరాబాదు రాజ్యంలోని పక్షులను సర్వే చేశాడు. 1980లో ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ పక్షి పరిశీలకుల సంఘం తన వార్తాలేఖకు పిట్ట అని పేరు పెట్టుకున్నది.

మన కర్తవ్యం

మెట్ల కింద కూర్చున్న అతిథి వద్దకు తిరిగి వద్దాం. జెర్డన్ కాలంలో దానిని గాలివానలు దించాయి. నేడు గాలివానలకు తోడు మన దీపాలు, అద్దాల గోడలు కలిశాయి. రాత్రి ప్రయాణించే పక్షులను తీవ్రమైన కాంతి ఆకర్షించి దారి తప్పిస్తుంది. పగటివేళ అద్దంలో ప్రతిబింబించిన ఆకాశాన్ని, చెట్టును నిజమనుకొని అవి ఢీకొంటాయి. కింద పడినదానికి కాకులు, పిల్లులు మృత్యువులు. ప్రపంచ స్థాయిలో ఈ జాతి అంతరించే దశలో లేదు. కానీ నిన్న రాత్రి వందల మైళ్లు దాటి వచ్చిన ఈ ఒక్క పక్షికి ఈ మెట్ల కింది ప్రాణాపాయం తక్కువది కాదు.

అటువంటి పక్షి కనిపిస్తే గుంపుగా చేరకూడదు. మెత్తని గుడ్డతో మృదువుగా పట్టి, గాలి ఆడే రంధ్రాలున్న అట్టపెట్టెలో ఉంచి, చీకటిగా నిశ్శబ్దంగా ఉన్న చోట పెట్టాలి. నోటిలో నీళ్లు పోయకూడదు. అవి ఊపిరితిత్తులలోకి పోయే ప్రమాదమున్నది. అన్నం మెతుకులు పెట్టకూడదు. తేరుకున్న తరువాత చెట్లు, పొదలు ఉన్న చోట విడిచిపెట్టాలి. రెక్క విరిగినా, రక్తం కారుతున్నా అటవీశాఖవారికి తెలియజేయాలి. ఎంత ముచ్చటపడినా పంజరంలో పెట్టుకోకూడదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అది నేరం.

విడిచిపెట్టడానికి తగిన చోటు అమీర్‌పేట చుట్టుపక్కల లేకపోలేదు. పంజాగుట్ట దాటి బంజారాహిల్స్ వైపు వెళితే 1998లో జాతీయోద్యానంగా ప్రకటించిన కాసు బ్రహ్మానందరెడ్డి ఉద్యానం ఉన్నది. నగరం నడుమ మిగిలిన ఆ ముళ్లపొదల అడవిలో రాలిన ఆకులు రాలిన చోటనే ఉంటాయి. మన ఇళ్ల ముందర, కళాశాల ఆవరణల్లో మాత్రం రాలిన ఆకులను చెత్త అని ఊడ్చి తగులబెడతాము. పొన్నంకి పిట్టకు ఆ ఆకుల కిందనే భోజనం. ప్రహరీ పక్కన ఒక మూల ఆకులను వదిలిపెట్టడం, మే, అక్టోబరు, నవంబరు నెలల్లో అక్కరలేని దీపాలను రాత్రిపూట ఆర్పివేయడం ఖర్చులేని పనులు.

గుర్తించడం అనే మాటకు మన భాషలో రెండు అర్థాలున్నాయి. ఆనవాలు పట్టడం ఒకటి. విలువను ఒప్పుకోవడం మరొకటి. మొదటిది లేక రెండవది లేదు. పేరు తెలియని పక్షి మెట్ల కింద చనిపోతే ఊడ్చివేస్తారు. పేరు తెలిసిన పక్షి కోసం అట్టపెట్టె వెదుకుతారు. మూడు వందల ఏళ్ల క్రితం పేరు తెలియని ఒక తెలుగువాడు ఈ పక్షిని గుర్తించి లోకానికి దాని పేరు చెప్పాడు. ఆ సాయంత్రం చీకటి పడే వేళ పొదల పక్కన పెట్టె మూత తెరిచిన విద్యార్థి, ఆ పేరును తాతకు చెప్పగలిగితే చాలు. ఆ పరంపర తెగలేదని అర్థం.

కఠిన పదాలు – అర్థాలు

జనసమ్మర్దం : జనుల రద్దీ
స్ఫురించు : మనసుకు తోచు
కావలి : కాపలా
వన్నె : రంగు
మునిమాపు : సాయంసంధ్య వేళ
మోడు : ఆకులు రాలిన ఎండుచెట్టు
మజిలీ : ప్రయాణంలో ఆగే చోటు
ప్రజాతి : దగ్గరి పోలికలున్న జాతుల సముదాయం
ఎరుక : తెలివిడి, జ్ఞానం
ఆనవాలు : గుర్తు

అభ్యాసం

అ) ఈ క్రింది ప్రశ్నలకు 20 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. పొన్నంకి పిట్టను గుర్తించే విధానాన్ని, దానితో పోల్చదగిన పక్షులకు గల భేదాలను వివరించండి.
2. పిట్ట అనే తెలుగు మాట శాస్త్రీయ నామంగా మారిన వైనాన్ని తెలుపండి.

ఆ) ఈ క్రింది ప్రశ్నలకు 10 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. పొన్నంకి పిట్ట ఆహారపు అలవాట్లను, కూతను వర్ణించండి.
2. అలసి పడిన వలస పక్షి కనిపించినప్పుడు చేయదగినవి, చేయదగనివి ఏవి?
3. గుర్తించడం అనే మాటకు గల రెండు అర్థాలను వ్యాసకర్త ఎలా సమన్వయించాడు?

ఇ) ఏకవాక్య సమాధానాలు రాయండి.
1. తమిళులు ఈ పక్షిని ఏమని పిలుస్తారు?
2. జెర్డన్ ఈ జాతి పక్షిని మొట్టమొదట ఎక్కడ చూశాడు?
3. బ్రాకియురా అనే మాటకు అర్థమేమి?
4. పొన్నంకి పిట్ట హైదరాబాదు మీదుగా ఏయే నెలల్లో ప్రయాణిస్తుంది?

ఈ) సంధులు
సూర్యోదయం = సూర్య + ఉదయం – గుణసంధి
ఉత్తరాభిముఖం = ఉత్తర + అభిముఖం – సవర్ణదీర్ఘ సంధి
ప్రాణాపాయం = ప్రాణ + అపాయం – సవర్ణదీర్ఘ సంధి
ఇదేమిటి = ఇది + ఏమిటి – ఇత్వ సంధి

ఉ) సమాసాలు
పక్షిశాస్త్రం – పక్షులను గురించిన శాస్త్రం – తత్పురుష సమాసం
నవరంగాలు – నవ సంఖ్య గల రంగాలు – ద్విగు సమాసం
గాలివానలు – గాలియు వానయు – ద్వంద్వ సమాసం

ఊ) ప్రాజెక్టు పని
మీ ఇంటి పరిసరాలలో గాని, కళాశాల ఆవరణలో గాని వారం రోజులపాటు ఉదయం అరగంట పక్షులను గమనించండి. తేదీ, సమయం, స్థలం, వాతావరణం, పక్షి పరిమాణం, ముక్కు, తోక, నడక, రంగు అనే క్రమంలో వివరాలు నమోదు చేయండి. ఆ పక్షులకు మీ ఇంటి పెద్దలు వాడే పేర్లను అడిగి తెలుసుకొని జాబితా తయారు చేయండి.